పసుపు చుక్క వేయని నూనె

దయాసాగర్‌ను ఉదయగిరిలో ఎవరూ పేరు పెట్టి పిలవరు. 'మాడు నూనె సారు' అంటారు. సారు అనేది ఎగతాళికే. ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీ ల్యాబులో కాంట్రాక్టు అటెండరుగా టెస్ట్ ట్యూబులు కడిగాడే తప్ప, ఒక్కరోజూ పాఠం చెప్పింది లేదు. చెప్పేవాళ్ల కంటే ఎక్కువ నేర్చుకున్నాడు, అది వేరే సంగతి. ఉద్యోగం అయిపోయాక హోటళ్లు, బజ్జీల బండ్లు పారబోసే నూనె తెచ్చి పెరట్లో డీజిల్ చెయ్యడం మొదలుపెట్టాడు. నవ్వినవాళ్లు నవ్వారు. ఆ డీజిల్‌తోనే అక్క రెబెకమ్మ నిమ్మతోటలో ఇంజను మూడేళ్లు ఆడింది.

మొగుడు పోయాక రెబెకమ్మకు మిగిలింది ఆ ముప్పై చెట్లే. ఆ చేనుకు కరెంటు లైను రాలేదు, వస్తుందన్న ఆశా లేదు. బంకు డీజిల్ ఇద్దరికీ అందని మాట. మే నెలలో రెండు తడులు అందితే చెట్టు బతుకుతుంది, లేకపోతే కొమ్మలతో సహా ఎండుతుంది. ఆ రెండు తడుల డీజిల్ తమ్ముడు ఇస్తానన్నాడు.

నూనె ఎంత కాగితే అందులో అంత ఆమ్లం పేరుకుంటుంది. అది చూసుకోకుండా, నూనెను డీజిల్‌గా మార్చడానికి మిథనాల్‌లో కాస్టిక్ సోడా కలిపి పోస్తే, ఆ సోడాను ఆమ్లమే మింగేసి సబ్బు చేస్తుంది. అందుకే దయాసాగర్‌కు ఒక పద్ధతి ఉంది. ప్రతి డబ్బాలోంచీ కాస్త నూనె తీసి స్పిరిట్‌లో కలిపి, చిటికెడు పసుపు వేసి, పల్చటి సోడా నీళ్లు చుక్కచుక్కగా వదులుతాడు. పసుపు ఎర్రబడడానికి ఎన్ని చుక్కలు పడితే నూనె అంత ముదిరినట్టు. మరీ ముదిరితే ముందు మిథనాల్‌తో కాస్త గంధకామ్లం వేసి కాచి, నూనెలో పుట్టిన ఆమ్లాన్ని తగ్గించాలి, తర్వాతే సోడా. "మా అమ్మ తెచ్చిన నూనైనా చుక్క వెయ్యాల్సిందే" అనేవాడు.

చర్చిలో అందరూ కలిసి తినే ఈస్టర్ ప్రేమవిందు మర్నాడు సంఘపెద్ద ఓబులయ్య రెండు క్యాన్లు ఆటోలో వేసుకుని స్వయంగా వచ్చాడు.

"విందులో వడలు కాల్చిన నూనె నాయనా. రెండు వాయిలే ఎత్తినాం. మీ అక్క తోటకని తెచ్చినాను."

దయాసాగర్ చెయ్యి డ్రాపరు మీదికి పోయింది.

"ఏందది, నా మాటకు గూడా పరీక్షా?" నవ్వుతూనే అన్నాడు పెద్దాయన.

డ్రాపరు మళ్లీ గూట్లోకి వెళ్లింది. సంస్కారపు రొట్టె అందించే మనిషి తెచ్చిన నూనెకు చుక్క వేస్తే ముఖాన ఉమ్మేసినట్టే, ఆ సంఘంలో. పోనీ ఆయన వెళ్లాకైనా వెయ్యొచ్చు. వెనకాల వేస్తే అది ఇంకా నీచంగా అనిపించింది. ఆ పాడు మొహమాటమే కొంప ముంచింది.

అప్పటిదాకా పోగేసిన నూనెతో పాటు దాన్నీ డ్రమ్ములో పోసి, మంచి నూనెకు వేసినంత సోడానే వేశాడు. తెల్లారి మూత తీస్తే డ్రమ్ము నిండా గడ్డపెరుగు లాంటి సబ్బు. కలిపే కొయ్య తెడ్డు అందులో నిలువునా నిలబడింది.

క్యాను అడుగున మిగిలిన నూనెకు అప్పుడు చుక్కలు వేశాడు. వేస్తూనే ఉన్నాడు. మంచి నూనెకు పట్టేదానికి పదింతలు పడ్డాక గానీ పసుపు ఎర్రబడలేదు. ఇంత ముదిరిన నూనె అతను ఒక్కచోటే చూశాడు. ఆత్మకూరు బస్టాండు దగ్గర ఓబులయ్య కొడుకు హోటల్లో. అంటే చందాలతో కొన్న కొత్త నూనె హోటలుకు పోయింది, హోటలు నూనె విందుకొచ్చింది. ఆ వడలే తిని సంఘమంతా స్తోత్రం చెప్పింది.

వెళ్లి అడిగాడు. "అది ముదురు నూనె పెద్దయ్యా."

"నీకు చేతగాక మమ్మల్ని అంటావా? పసుపు నీళ్లు చూసి పెద్దల్ని దొంగల్ని చేస్తావా?"

దయాసాగర్ తలొంచుకుని వచ్చేశాడు.

మళ్లీ నూనె పోగుచేసి, డీజిల్ తీసి, ఇంజను ఆడించేసరికి ఇరవై రోజులు దాటాయి, మొదటి తడి తప్పిపోయింది. ముప్పై చెట్లలో పదకొండు మిగిలాయి. రెబెకమ్మ ఏడవలేదు.

"పరీక్ష చెయ్యకుండా ఎప్పుడన్నా చేసినావంట్రా?"

"లేదక్కా."

"మరి నా చెట్ల కాడికొచ్చేతలికే నీకు మర్యాద గుర్తొచ్చిందా?"

ఆ ఏడు చర్చిలో కోతల పండగకు ఎప్పటిలా గంపెడు కాదు, కొంగులో పట్టినన్ని నిమ్మకాయలే కానుక తెచ్చిందామె. పంక్తిలో ఓబులయ్యే వడలు వడ్డిస్తున్నాడు. దయాసాగర్ ఒకటి విరిచాడు. వాసన ముక్కుకు తగిలింది. ఈసారి చుక్క అక్కర్లేదు.

"ఎట్టుండాది దయాసాగరూ?" అందరికీ వినపడేట్టు అడిగాడు పెద్దాయన.

పంక్తి మొత్తం అతని వైపు చూసింది. ఎదురు వరసలో అక్క కూడా చూసింది.

"బాగుండాది పెద్దయ్యా."

రెబెకమ్మ విస్తరి మడిచి లేచి వెళ్లిపోయింది.