నీళ్ళలో మునిగిన కొర్రమీను

చేపను నీళ్ళలో ముంచి చంపిన మొనగాడు మా పావగడ తాలూకాలో నేనొక్కడినే. ఇంకెవరైనా ఉంటే ముందుకు రమ్మనండి. నిన్న వాన వెలిశాక పెన్న వంతెన మీద నిలబడితే, కింద జమ్ము పక్కన కొర్రమీను ఒకటి తల పైకెత్తి, గుటుక్కున గాలి మింగి మునిగింది. నన్ను గుర్తుపట్టిందేమోనని రెండడుగులు వెనక్కి వేశాను.

తిరుమణి చుట్టూ చేలలో సోలార్ పలకలు లేస్తున్న ఏడాది జరిగింది ఆ ముంచడం. మా ఇంటామెకు ఆపరేషనయి, గంజి కూడా పక్కకు తోసేస్తోంది. నాలుగో రోజు తనంతట తనే, కొర్రమీను పులుసయితే రెండు ముద్దలు దిగుతాయేమో అంది. ప్రాణమున్న చేప తెస్తేనే పొయ్యెక్కిస్తానని మా అత్తగారి షరతు. నడివేసవి, ఏరెండి, మడుగులు బురదయ్యాయి. ఆ బురదలోనూ ఊపిరి నిలుపుకునేది ఆ చేపే.

మడుగు గట్టున చేపలామెను రెండింటి ధరకు మూడు అడిగాను. అంగళ్ళవాళ్ళ ఇంట పుట్టినవాణ్ణి, చెప్పిన ధర ఇస్తే అన్నం అరగదు. అలిగి వెళ్ళిపోయినట్టు రెండుసార్లు నటించి, రెండుసార్లూ పిలవకుండానే తిరిగొచ్చాను. గంట గడిచాక ఆమే విసిగి మూడూ నా డబ్బాలో వేసింది.

"తీసుకోన్నా, నీతో వాదించే ఓపిక నాకు లేదు. నీళ్ళు సగానికే పొయ్యి, మూత బిగించొద్దు. ఇది గాలి తాగే చేప."

సగం చాలనే మాట మా వీధిలో తూకం కొట్టేవాళ్ళు అంటారు. బేరంలో పోయింది నీళ్ళలో రాబట్టుకుంటోందనుకుని, ఆమె బిందె వంచి అంచుదాకా నింపి, మూత బిగించాను.

వల్లూరు దగ్గర సోలార్ పలకల గేటు కాడ దాహమై బండి ఆపాను. కాపలా పెద్దాయన నీళ్ళిచ్చి, "డబ్బాలో ఏందప్పా?" అన్నాడు. గొప్పగా మూత తీశాను. మూడూ వెల్లకిలా తేలుతున్నాయి.

"ఏ ఊరప్పా నీది? చేపను నీళ్ళల్లో ముంచి సంపినావే!"

సగం నీళ్ళు పారబోసి, డబ్బాను పలకల నీడలో పెట్టాడు. పక్కనే కూలబడ్డాను. ఇంటి దగ్గర మా ఇంటామె పొయ్యి వైపే చూస్తూ ఉంటుంది. "ఈడే శెనక్కాయ పెరికినా. ఇప్పుడు నీడకు కాపలా కాస్తాండా" అని ఆయన ఏదో చెబుతుంటే డబ్బాలో ఒక చేప బుడుక్కుమంది. కాసేపటికి ఇంకోటి. ప్రాణం లేచొచ్చింది, చేపలకూ నాకూ. మూడోది లేవలేదు.

ఆ సాయంత్రం ఆమె కంచం తుడిచినట్టు తిని, "ఇంకా ఉండాదా?" అంది. నేను గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

ఇక లెక్క. రెండింటి ధర ఇచ్చాను, రెండే ఇల్లు చేరాయి. బేరంలో గెలిచిందాన్ని నేనే ముంచాను. మిగిలింది బేరానికి పోయిన ఆ గంట. అది ఆకలితో నా దారి చూసిన మనిషిది, ఎంత బేరమాడినా తిరిగి రాదు.