నీళ్లు లేవన్న మనిషి

ఝరాసంగం మండలంలో ఎవరు బోరు వేయించాలన్నా ముందు రామ్‌కిషన్ రావాలి, ఆ తర్వాతే బోరు బండి రావాలి. ఇరవై ఏడేళ్లుగా అదే వరస. ఆయన చెప్పులు విప్పి, పీచు తీసిన కొబ్బరికాయను అరచేతిలో అడ్డంగా పెట్టుకుని పొలమంతా మెల్లగా నడిచేవాడు. ఎక్కడో ఒకచోట కాయ లేచి నిలబడేది. లేచేది కాయో, లేపేది చెయ్యో ఎవరూ తేల్చలేదు. తేల్చాలని ఎవరికీ అనిపించలేదు కూడా. కాయ లేచినచోట రాయి పాతడమే అందరికీ తెలిసిన పని.

ఈ విద్య ఆయనకు ఇరవై మూడో ఏట అబ్బింది. మేనమామ పొలంలో ఊరికే నవ్వులాటకు కాయ పట్టుకుని నడిచాడు. అది లేచినచోట బోరు వేస్తే నూట పది అడుగులకే నీళ్లు ఎగజిమ్మి, బండి డ్రైవరు తడిసి ముద్దయ్యాడు. ఆ రోజుల్లో ఆ నేలలో ఎక్కడ గుచ్చినా నీళ్లు పడేవన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. పేరు మాత్రం రామ్‌కిషన్‌కు వచ్చింది. ఇటు కోహీర్ నుంచి, అటు బీదర్ వైపు నుంచి జీపులు ఆయన ఇంటి ముందు ఆగడం మొదలైంది. పోయినచోటల్లా కోడికూర. ఎవరైనా రహస్యం అడిగితే, "భూమి నాతోని మాట్లాడ్తది" అనేవాడు. భార్య దేవమ్మ మాత్రం, ఇంట్లో ఉప్పు అయిపోయిందని తాను నాలుగు సార్లు చెప్పినా వినబడని మనిషికి భూమి మాటలు ఎట్లా వినబడతాయో అని ఆశ్చర్యపోయేది.

నీళ్లు పడ్డాక ఊరు బాగుపడింది. బాగుపడడమంటే జొన్న, కంది, కొర్ర పోయి చెరుకు, అల్లం రావడం. జొన్నలు వేసేవాడు వెనకబడినవాడనీ, చెరుకు వేసేవాడు ముందుకు పోయినవాడనీ ఊళ్లో ఒక అభిప్రాయం స్థిరపడింది. అందరికంటే ముందుకు పోయినవాడు చందర్. పన్నెండు ఎకరాల చెరుకు, దానికి తొమ్మిది బోర్లు. తొమ్మిదింటికీ చోటు చూపింది రామ్‌కిషనే. మొదటిది రెండు వందల అడుగులు. తొమ్మిదోది తొమ్మిది వందల ఎనభై. ఇంత లోతుకు పోతున్నామేమిటని ఎవరూ ఆగలేదు. లోతు పెరిగినకొద్దీ గొప్ప కూడా పెరిగింది. "నాది తొమ్మిది వందల బోరు" అని పెళ్లి భోజనాల దగ్గర చెప్పుకునేవాళ్లు.

బోరు విఫలమైతే రామ్‌కిషన్ దగ్గర సమాధానం సిద్ధంగా ఉండేది. బండి అర అడుగు పక్కకు జరిగిందనో, రాయి పాతేటప్పుడు గాలి మళ్లిందనో చెప్పేవాడు. రైతు తల ఊపి ఇంకో చోటు చూపమనేవాడు.

చందర్ తొమ్మిదో బోరు ఊరి చేదబావికి అరవై అడుగుల దూరంలో పడింది. తాతల కాలం నుంచి ఊరంతా తాగే బావి అది. రెండు వేసవులు గడిచేసరికి దాని అడుగున బురద, అందులో రెండు కప్పలు మిగిలాయి. పంచాయతీ వాళ్లు వెంటనే స్పందించి ట్యాంకరు పెట్టారు. ట్యాంకరు చందర్ బోరు దగ్గర నిండేది.

ఒకరోజు ట్యాంకరు దగ్గర గంటన్నర నిలబడి నాలుగు బిందెలు తెచ్చుకున్న దేవమ్మ, మంచం మీద కూర్చున్న మొగుణ్ణి అడిగింది.

"గీ నీళ్లు ఏడియో తెలుసా? మన బాయియే. లోపల్నుంచి చందర్ బోరుకు పోయినయి. ఆడికెళ్లి బండెక్కి మన వాకిట్లకొచ్చినయి."

"భూమిల ఏది ఎటు పోతదో నీకెట్ల తెలుసే?"

"నీతోని మాట్లాడ్తది గద. అడుగు."

రామ్‌కిషన్ అడగలేదు. కండువా భుజాన వేసుకుని బయటికి పోయాడు. బావి వైపు కాకుండా చుట్టు తిరిగి పోయాడు.

ఆ నెలలోనే క్రాంతి కుమార్ వచ్చాడు. రాజమండ్రి వైపు మనిషి, మర్యాదస్తుడు. బోరు మోటార్లు, పైపులు అమ్మే ఒక కంపెనీలో పనిచేస్తాడు. ఆ కంపెనీకి సమాజం మీద ప్రేమ చూపే విభాగం ఒకటి ఉంది. దాన్ని చూసేది ఇతనే. జహీరాబాద్‌లో సుస్థిర అభివృద్ధి మీద సదస్సు పెడుతున్నామనీ, సంప్రదాయ భూగర్భజల నిపుణుడిగా రామ్‌కిషన్‌ను సన్మానిస్తామనీ చెప్పాడు. తనను నిపుణుడన్నందుకు రామ్‌కిషన్ కొత్త పంచె తీశాడు.

సదస్సు ముంబై రోడ్డు పక్కన ఫంక్షన్ హాల్లో జరిగింది. బయట పచ్చిక మీద నీళ్లు గుండ్రంగా చిమ్ముతూ ఉన్నాయి. లోపల చలి. ప్రతి కుర్చీ ముందు ఒక ప్లాస్టిక్ సీసా. ఒక్కొక్కరు రెండు గుక్కలు తాగి పక్కన పెట్టి, చాయ్ తాగి వచ్చి కొత్త సీసా మూత తీస్తున్నారు. వేదిక మీద ఒక పెద్దమనిషి, భావి తరాల అవసరాలకు భంగం వాటిల్లకుండా వర్తమాన అవసరాలను తీర్చుకొనుటయే సుస్థిర అభివృద్ధి యని ముప్పావు గంట వివరించాడు. రామ్‌కిషన్ పక్కనున్న క్రాంతి కుమార్ వైపు వంగాడు.

"సార్, జర మన మాటల్ల చెప్పున్రి."

"ఏం లేదండి. మన తర్వాత వచ్చేవాళ్లకి కూడా మిగిలేలా వాడుకోవడం. నేలైనా, నీళ్లైనా."

"గంతేనా?"

"అంతేనండి. కాకపోతే దానికి పదిహేడు లక్ష్యాలున్నాయి."

"మా ఊళ్ల తాగే బాయి ఎండిపోయింది. అది ఎన్నో నంబరు సార్?"

క్రాంతి కుమార్ కాగితం తిరగేశాడు. "ఆరు అనుకుంటానండి."

రామ్‌కిషన్ వెనక్కి ఆనుకున్నాడు. గంతేనా అని అన్నాడు కానీ మనసులో లెక్క మొదలుపెట్టాడు. ఇరవై ఏడేళ్లలో తాను చూపిన బోర్లు ఆరు వందల పైన ఉంటాయి. వాటిలో ఇప్పుడు నీళ్లున్నవి వేళ్ల మీద చెప్పొచ్చు. ఒక్కసారి కూడా, ఇక చాలు అని ఎవరితోనూ అనలేదు.

శాలువా కప్పి, మైకు చేతికిచ్చి, రెండు మాటలు మాట్లాడమన్నారు.

"నేను ఆరు నూర్ల బోర్లు చూపిన. అన్ని ఎండినయి. ఎన్కొచ్చేటోళ్ల నీళ్లు మేమే తాగినం. తాగింది తక్కువ, చెరుకుకు పెట్టింది ఎక్కువ. నాకు శాలువా ఎందుకు కప్పిన్రో తెలుస్తలేదు."

హాలంతా చప్పట్లు కొట్టింది. ఎంత సహజంగా మాట్లాడాడు అని పెద్దమనిషి మెచ్చుకున్నాడు. తర్వాత భోజనాలు.

భోజనం కాగానే క్రాంతి కుమార్ రామ్‌కిషన్‌ను కారెక్కించాడు. కోహీర్ పోయే దారిలో కంపెనీ తీసుకున్న రెండెకరాల స్థలం ఉంది. అందులో ఈ సదస్సు గుర్తుగా వెయ్యి మొక్కలతో హరితవనం పెంచబోతున్నారు.

"దానికి ఒక బోరు పాయింట్ కావాలండి. మీరుండగా వేరే వాళ్లెందుకని." కారులోంచి కొబ్బరికాయ కూడా తీసిచ్చాడు.

రామ్‌కిషన్ చెప్పులు విప్పి నడిచాడు. కంచె దాపున కాయ లేచింది. ఇంత గట్టిగా ఎన్నడూ లేవలేదు. కంచెకు అవతల నలభై అడుగుల దూరంలో చిన్న వాడ ఉంది. వాడ ముందు చేతిపంపు. అనంతమ్మ అనే ముసలావిడ పంపు కొట్టి కొట్టి, నడుము పట్టుకుని ఆగి, మళ్లీ కొడుతోంది. సన్నటి ధార వస్తోంది. వస్తోంది కదా అని ఆయన చూస్తూ నిలబడ్డాడు. తర్వాత చెయ్యి ఒంచి కాయను కిందికి దించాడు.

"నీళ్లు లెవ్వు సార్."

"ఇంకోసారి నడవండి."

"ఎన్నిసార్లు నడిచినా లెవ్వు. వానకాలం మొదట్ల వేప, కానుగ పెట్టున్రి. వానలకే బతుకుతయి."

క్రాంతి కుమార్ ఇబ్బందిగా నవ్వాడు. "బతకడం ఒక్కటే కాదండి. ఏప్రిల్‌లో ఫోటోలు తీస్తారు. అప్పటికి పచ్చగా కనపడాలి."

ఇంటికొచ్చి రామ్‌కిషన్ భార్యకు జరిగింది చెప్పాడు. "జిందగీల మొదటిసారి నీళ్లున్నచోట లెవ్వని చెప్పిన. అబద్ధమాడిన."

దేవమ్మ కంచంలో జొన్నరొట్టె వేసింది. "ఇన్నేండ్లు నిజం చెప్పి ఏం బాగుచేసినవ్? తిను."

ఆ తర్వాత ఆయన అదే అబద్ధం పట్టుకున్నాడు. ఎవరు పిలిచినా పోయేవాడు, కాయ పట్టుకుని నడిచేవాడు, లెవ్వని చెప్పి వచ్చేవాడు. కోడికూర ఆగిపోయింది. రామ్‌కిషన్‌కు చెయ్యి పడిపోయిందని కొందరు, పట్నంలో శాలువా కప్పించుకుని నెత్తికెక్కిందని కొందరు అన్నారు. ఎదురుగా అన్నవాడు చందర్ ఒక్కడే. పదో బోరు కోసం పిలిచి, పొలమంతా నడిపించి, లెవ్వన్న మాట విన్నాక ఉడికిపోయాడు.

"నా కళ్లతోని చూసిన. గా మూలకు కాయ లేచింది. లెవ్వంటవేందే?"

"లేచింది. అయినా లెవ్వు."

"నీ కాయ మురిగింది రామ్‌కిషన్."

"మురిగిందనుకో. చందర్, నీకు తొమ్మిదున్నయి. ఊరికి ఒక్క బాయి ఉండె."

చందర్ జహీరాబాద్ నుంచి, నీళ్లున్నచోట కూతపెట్టే యంత్రమున్న మనిషిని పిలిపించాడు. ఆ యంత్రం సరిగ్గా కాయ లేచినచోటే కూసింది. బండి వచ్చి పదకొండు వందల యాభై అడుగులు పోయింది. ఊరి మీద తెల్లటి రాతిపొడి కమ్ముకుంది తప్ప చుక్క నీరు పడలేదు. ఆ వేసవిలోనే తొమ్మిదో బోరు కూడా ఎండి, ఖాళీగా తిరిగిన మోటారు కాలిపోయింది.

ఊరు ఒక్క వారంలో మాట మార్చింది. రామ్‌కిషన్ లెవ్వంటే లెవ్వే, ఆయన కాయ ముందు యంత్రాలు ఏం పనికొస్తాయి అని చాయ్ హోటళ్లలో చెప్పుకున్నారు. ఆయనకు మాత్రం ఆ పొగడ్త మింగుడుపడలేదు. తాను అబద్ధమనుకుని చెప్పింది నిజమైంది. కాయ నిజమని చెప్పింది అబద్ధమైంది. అయితే ఇరవై ఏడేళ్లు తనతో మాట్లాడింది ఏమిటి? రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఎవరికీ చెప్పుకోలేని మాట అది. చెప్పినా ఎవరూ నమ్మరు. ఎందుకంటే ఇప్పుడు ఆయన మాటంటే అందరికీ నమ్మకం.

ఆ నమ్మకమే పనిచేసింది. ఆయన లెవ్వన్నచోట బోరు వేయడానికి జనం జంకారు. భవిష్యత్ తరాల మీద ప్రేమతో కాదు, వేరే దారి లేక, రామ్‌కిషన్‌ను నాలుగు తిట్లు తిట్టి మరీ కంది, జొన్న, శనగ వేశారు. చందర్ కూడా ఎనిమిదెకరాల చెరుకు తీసేసి కంది వేశాడు. దాన్ని పంట మార్పిడి అని తానే అందరికీ వివరించి చెప్పాడు.

వరుసగా రెండేళ్లు వానలు బాగా కురిశాయి. బావిలో కప్పల పైన మోకాలి లోతు, ఆ పైన నడుము లోతు, చివరికి ఆడవాళ్లు చేద వేస్తే మునిగేంత నీరు చేరింది. ఆ కబురు ఎట్లా తెలిసిందో, క్రాంతి కుమార్ ఇద్దరు పనివాళ్లతో వచ్చి బావి పక్కన ఇనుప బోర్డు పాతించాడు.

దేవమ్మ బిందె దించి అడిగింది. "ఏం రాసిన్రు సార్?"

క్రాంతి కుమార్ నేల చూపులు చూస్తూ చదివాడు. "మా సంస్థ జలసంరక్షణ కార్యక్రమంలో భాగంగా ఈ బావి పునరుద్ధరించబడినది." తర్వాత గొంతు తగ్గించి, "పైనుంచి చెప్పారమ్మా. ఈ ఏడు రిపోర్టులో ఒక బావి చూపించాలి" అన్నాడు.

"సరే, చూపియ్యున్రి. గిది మీకు ఫోటోకు పనికొస్తది. మాకు తాడు కావాలె సార్. నీళ్లు లేనప్పుడు తాడు పురుగు పట్టి పోయింది."

క్రాంతి కుమార్ ఫోన్‌లో రాసుకుని, తప్పకుండా పంపిస్తానన్నాడు. నెలైనా తాడు రాలేదు. రామ్‌కిషన్ షేర్ ఆటో ఎక్కి జహీరాబాద్ పోయి, మంచి నూలుతాడు చూసి తెచ్చాడు.