మా తోడల్లుడు వద్దన్న టైర్లు

మా కారుకు ఆ వెడల్పు టైర్లు వేయించమని చెప్పింది మా తోడల్లుడు కాదు. అతను వద్దన్నాడు. వేయించింది నేను. మా బంధువుల్లో చాలామంది ఇప్పటికీ అతన్ని ‘టైర్ల ఇంజనీరు’ అని ఎగతాళి చేస్తుంటారు. జలదంకి పెళ్లిలో ఆ పేరు పుట్టడం వాళ్లు కళ్లారా చూశారు గానీ ఎందుకు పుట్టిందో వాళ్లకు తెలియదు. తెలిసినవాణ్ణి నేనే కాబట్టి నేనే చెప్పాలి.

నేను ఉదయగిరిలో స్కూలు మాస్టర్ని. అతను ఆత్మకూరులో కరెంటాఫీసు ఉద్యోగి. మా భార్యలు అక్కచెల్లెళ్లు. మామగారిది వరికుంటపాడు దగ్గర పల్లె, మెట్ట సేద్యం. ఆయనకు ఇద్దరూ కూతుళ్లే. అతను రాకముందు కొన్నేళ్లపాటు ఆ ఇంటికి నేనొక్కణ్ణే అల్లుణ్ణి. పోగానే నులక మంచం మీద దుప్పటి మార్చేవాళ్లు. మామగారు నన్ను ‘మీరు’ అనేవారు. నా ముందు బీడీ కాల్చేవారు కాదు. ఇంతకంటే మర్యాద ఏముంటుందని మురిసిపోయాను.

తర్వాత చిన్నల్లుడు వచ్చాడు. వచ్చిన రోజే చొక్కా విప్పి, లుంగీ ఎగ్గట్టి, బోరు మోటారు దగ్గర మామగారితో కలిసి బురదలో నిలబడ్డాడు. సాయంత్రానికి ఆయన అతన్ని ‘ఒరే’ అంటున్నారు. ఇద్దరూ గట్టు మీద కూర్చొని ఒకే అగ్గిపుల్లతో బీడీలు ముట్టించుకున్నారు. నేను దుప్పటి మార్చిన మంచం మీద కూర్చొని చూశాను. నాకున్నది మర్యాద, అతనికి దొరికింది మనిషి అని ఆ రోజే అర్థమైంది. అర్థమైందే గానీ మింగుడుపడలేదు.

కారు ముందు కొన్నది నేనే. చిన్నది, సెకండు హ్యాండుది. కొన్నాళ్లకు అతను ఎత్తుగా ఉండే కొత్త బండి కొన్నాడు. అప్పటినుంచి పెళ్లికైనా ఆసుపత్రికైనా మామగారు అతని పక్కసీట్లోనే. మోచెయ్యి కిటికీ మీద పెట్టుకొని, ఊరు దాటింది మొదలు కబుర్లే కబుర్లు. వెనకాల నా కారులో వచ్చే మాకు ఆయన చెయ్యి గాలిలో ఊగడం మాత్రం కనిపించేది.

“వాడి బండెక్కితే కడుపులో నీళ్లు కదలవబ్బా,” అనేవారు దిగినాక. “ఆ టైర్లు చూడండి, దున్నపోతు కాళ్ల మాదిరి ఎట్టుండాయో.”

ఆ మాటతో నా కారు టైర్లు నా కళ్లకు మేక కాళ్లలా కనబడటం మొదలైంది. నిజానికి అవి అరిగిపోయాయి కూడా. గీతలు చెరిగి నున్నబడ్డాయి, వానకు బ్రేకు వేస్తే బండి జారుతోంది. మార్చక తప్పదన్నాను. మా ఆవిడ వెంటనే, “మరిదిని తోడు తీసకపోండి, ఇట్టాటివి అతనికి బాగా తెలుస్తాయి,” అంది. నా భార్య కూడా!

ఆత్మకూరులో ఒక టైర్ల షాపుకు ఇద్దరం పోయాం. అతను డ్రైవరు వైపు డోరు తెరిచి, లోపల అంటించి ఉన్న కాగితం మీద సైజు చదివాడు. షాపాయన తెచ్చిన టైర్ల పక్కల మీద తయారైన తేదీ వెతికాడు. రెండు పాతవని పక్కన పెట్టించి వేరేవి తెప్పించాడు. నా కళ్లు మాత్రం పైవరసలో ఉన్న వెడల్పు టైర్ల మీదే ఉన్నాయి.

“అవి వేయిస్తే ఎట్టుంటాది?” అన్నాను.

“వద్దన్నా. నువ్వొక్కడివే పోతే ఏం కాదు. ఐదుమంది ఎక్కినారనుకో, బండి కిందికి కూచుంటాది. టైరు పొయ్యి పైనుండే రేకుకి రాసుకుంటాది. డోరు మీద రాసిన సైజే నీ బండికి మేలు.”

“నీ బండికి లేవా మరి?”

“నా బండి పెద్దది గదన్నా. దానికి చోటుండాది,” అన్నాడు.

అతను మామూలుగానే అన్నాడు. ఇప్పుడు తలుచుకుంటే అందులో ఒక్క ముల్లు కూడా కనబడదు. ఆ రోజు మాత్రం ‘నీది చిన్నది, నీ స్థాయి చిన్నది’ అన్నట్టు వినబడింది. నా కారు తన కారుకు సాటి రాకూడదనే వద్దంటున్నాడని నిశ్చయించుకున్నాను. సరేనన్నాను. అతను షాపాయనకు అన్నీ అప్పజెప్పి, ఆఫీసునుంచి ఫోనొస్తే వెళ్లిపోయాడు. అతని బండి మలుపు తిరిగేదాకా ఆగి, పైవరసలోవి దించమన్నాను.

షాపాయన నన్ను ఎగాదిగా చూశాడు. “ఇప్పుడే గదా సార్ ఆ సారు వద్దని చెప్పి పొయ్యింది?”

“కారు ఆయనదా, నాదా?”

“మీదే సార్. దించమంటే దించుతా. రేపొచ్చి నన్ను అడగబాకండి.”

ఆ టైర్లతో కొన్ని వారాలు నేను పడిన సంతోషం చెబితే నవ్వుతారు. ఎక్కడ నిలిపినా స్టీరింగు ఒక పక్కకు తిప్పి పెట్టి దిగేవాణ్ణి, ముందు టైరు బయటికి కనబడాలని. స్కూల్లో తోటి మాస్టర్లు చూశారు. మామగారు చూడటమే మిగిలింది.

ఆ అవకాశం జలదంకి పెళ్లితో వచ్చింది. దగ్గరి బంధువుల పెళ్లి, అక్కడి చర్చిలో. చిన్నల్లుడు ఆత్మకూరు నుంచి తనవైపు వాళ్లతో నేరుగా వస్తానన్నాడు. కాబట్టి మామగారు నా పక్క సీట్లో కూర్చున్నారు. వెనక అత్తగారు, మా ఆవిడ, మా అమ్మాయి. డిక్కీ నిండా పెళ్లి సామాను. ఊరు దాటి మొదటి స్పీడుబ్రేకరు ఎక్కగానే వెనకనుంచి ‘బర్ర్’మని చప్పుడు.

“ఏందబ్బాయా అది? అడుగున కుక్కేమన్నా ఇరుక్కున్నిందా?” అని అత్తగారు కాళ్లు పైకి పెట్టుకుంది.

రెండోదానికీ అదే చప్పుడు. ప్రతి గుంతకీ, ప్రతి మలుపుకీ అదే. కాసేపటికి రబ్బరు మాడిన వాసన మొదలైంది. మామగారు బండి ఆపించి, దిగి, వంగి చూశారు. అప్పటినుంచి స్పీడుబ్రేకరు వచ్చినప్పుడల్లా ఆడవాళ్లను దింపడం, నేను ఖాళీ బండిని దాటించడం, పట్టుచీరలు ఎత్తిపట్టుకొని వాళ్లు నడిచొచ్చి మళ్లీ ఎక్కడం. కలిగిరిలో టీ అంగడి ముందు ఒకడు, “ఏం సార్, బండేమన్నా నీళ్లోసుకున్నిందా, పట్టుచీరల్ని దింపి పోతుండావు?” అన్నాడు. అంగడంతా నవ్వింది. మా అమ్మాయి కూడా నవ్వింది. మామగారు నవ్వలేదు.

“ఎవురు ఎంచినారండీ ఈ టైర్లు?” అన్నారు ముందుకు చూస్తూ.

“మీ చిన్నల్లుడే,” అన్నాను.

ముందుగా అనుకున్న మాట కాదు. కానీ నోటినుంచి వచ్చినాక ఎంత హాయిగా అనిపించిందో దాచను. దారంతా పడిన సిగ్గు నా మీదనుంచి దిగి ఇంకొకడి మీద ఎక్కింది.

భోజనాల దగ్గర అతను ఎప్పటిలాగే నవ్వుకుంటూ మామగారి పక్కన కూర్చోబోయాడు. ఆయన పంక్తి అంతా వినేట్టు, “యాడ నేర్చినావురా ఆ ఇంజనీరింగు? మీ అత్తని రోడ్డెంట నడిపించినావు గదరా! తెలిస్తే చెప్పు, తెలీకుంటే నోరు మూసుకో,” అన్నారు. ఎవరో, “టైర్ల ఇంజనీరు!” అన్నారు. పంక్తి పొడుగునా నవ్వు పాకింది.

అతను విస్తరి మీదనుంచి తలెత్తి నా వైపు చూశాడు. ఎంతోసేపు కాదు. నేను చారు పోసుకుంటున్నాను.

“తప్పయిపాయ మామా, నేను సరిగ్గా చూళ్లేదు,” అన్నాడు.

ఇక్కడితో నా కడుపుమంట చల్లారాల్సింది. చల్లారలేదు. ఇంటికి పోతూ మా ఆవిడ, “ఎంత పెద్ద మనసో చూడండి, నలుగుర్లో తప్పు ఒప్పుకున్నాడు,” అంది. నా తప్పు తీసి అతని నెత్తిన పెడితే అది కూడా అక్కడ కిరీటంలా మెరిసింది. అతను తన భార్యకు సైతం ‘నేనే చెప్పినా’ అన్నాడని తర్వాత తెలిసింది. నన్ను బయటపెట్టి ఉంటే పోట్లాడేవాణ్ణి. ఏమీ అనకపోవడంతో అతని మీద మరింత కుళ్లుకున్నాను.

అతను వరికుంటపాడు రావడం తగ్గించాడు. పండగకు పిలిస్తే డ్యూటీ అన్నాడు. పక్కసీటు నాదైంది. మామగారు ఇప్పుడు నా కారులోనే వచ్చేవారు, వెనక ఇద్దరికి మించి ఎక్కనివ్వకుండా. కానీ కబుర్లు లేవు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకొని, బస్సులో కూర్చున్నట్టు కూర్చునేవారు. నేనేదైనా కదిలిస్తే, “అవునండి,” అనేవారు. కిటికీ దించుకోమంటే, “వద్దులేండి, దుమ్ము,” అనేవారు.

ఈమధ్య ఒక నెల మొదటి ఆదివారం అత్తగారి ఊళ్లో ఉన్నాం. అక్కడి చర్చిలో ఆ రోజు ప్రభువు బల్ల, యేసును తలుచుకొని అందరం రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. మనసులో ఎవరి మీదైనా పగ ఉంటే, సమాధానపడేదాకా బల్లలో చెయ్యి వెయ్యకూడదని మా పెద్దల నియమం. రొట్టె ముక్కల పళ్లెం వరసలో నా దగ్గరికొచ్చింది. తీసుకున్నాను. పక్కనున్న మామగారికి అందించాను. ఆయన ముట్టకుండా అవతలివాళ్లకు ఇచ్చేశారు. ద్రాక్షరసం గ్లాసుల పళ్లేన్నీ అలాగే దాటించారు.

బయటికొచ్చాక అడిగాను.

“చిన్నోడి మీద కోపం పెట్టుకోనుండా గదండీ. వాడు ఇంటికి రాడు, నేను పిలవను. ఎట్ట తీసుకునేది?” అన్నారు.

ఒక్క అబద్ధం వల్ల ఆ పెద్దాయన బల్లకు దూరమయ్యారు. ఆ అబద్ధం ఆడినవాడు రొట్టె తిని మూతి తుడుచుకున్నాడు. సిగ్గేసింది. కానీ నిజం చెబుతానన్నాను కాబట్టి ఇదీ రాస్తాను. ఆ సిగ్గులో కూడా అసూయ ఉంది. నా మీద ఆయనకు ఎన్నడూ అంత కోపం రాలేదు. అంత కోపం రావాలంటే అంత ప్రేమ ఉండాలి కదా.

భోజనాలప్పుడు ఉన్నదున్నట్టు చెప్పాను. అతను వద్దన్నాడనీ, నేనే మార్పించాననీ, దారిలో అబద్ధం చెప్పాననీ.

మామగారు అన్నం కలుపుతూ ఆగారు. “చూసినావా,” అన్నారు అత్తగారితో. “ఇంట్లో సమాధానం కోసం తప్పు తనమీద ఏసుకుంటుండాడు. పెద్దల్లుడంటే ఇట్టుండాల.”

“కాదు మామా, నిజంగానే నేను...”

“ఊరుకోండి. వాడే ఒప్పుకున్నాడు పెళ్లిలో. నేను చెవిటోణ్ణి కాదు గదా.”

మా ఆవిడ నా విస్తట్లో ఇంకో గరిటె పప్పు వేసింది. అంత గర్వంగా ఆమె నన్ను చూసి చాలా కాలమైంది. ఆ చూపు ఉంచుకుందామని ఆశ పుట్టింది. చెప్పాల్సింది చెప్పాను, నమ్మకపోతే నా తప్పా అనుకున్నాను. కాస్సేపు అలాగే తిన్నాను కూడా. సగంలోనే లేచి చెయ్యి కడుక్కున్నాను.

మర్నాడు సెలవు పెట్టి, టైర్లు మళ్లీ అరిగాయి, మార్చాలి, తోడు రండి అని మామగారిని ఎక్కించుకొని ఆత్మకూరు పోయాను. అరిగిన మాట నిజమే. లోపలి అంచులు తెగిపోయి ఉన్నాయి. అదే షాపు, అదే మనిషి. టైరు వైపు చూసి, తర్వాత నా వైపు చూసి, నేను ఇంకా నోరు తెరవకముందే అందుకున్నాడు.

“ఏం సార్, అప్పుడే చెప్పలా? కరెంటాఫీసు సారు అంతగా వద్దని చెప్పిపోతే, ఆయన పోంగానే పైవి దించమంటిరి. కారు ఆయనదా నాదా అంటిరి.”

మామగారు షాపాయనను చూశారు. నన్ను చూశారు. “మీరా?” అన్నారు.

“నేనే మామా.”

ఆయన తిడతారని చూశాను. తిట్టలేదు. పైగుడ్డ దులిపి భుజం మీద వేసుకొని, “వాడి ఇంటికి పోనీండి,” అన్నారు.

అతను ఆఫీసునుంచి భోజనానికొచ్చి గేటు దగ్గరే ఉన్నాడు. మామగారు కారు దిగుతూనే మొదలుపెట్టారు. “ఏరా, నోట్లో నాలుక లేదా నీకు? ఆ పొద్దు పంక్తిలో నిజం చెప్పేదానికి ఏమొచ్చెరా?”

అతను నా ముఖం చూసి సంగతి గ్రహించాడు. “ఆ పొద్దు చెప్పింటే, అన్న యాడ కూచోని తినేవాడు మామా?” అన్నాడు.

మామగారు అతని మెడ మీద చెయ్యేసి, తిడుతూనే లోపలికి నడిపించుకుపోయారు. నేను వెనకనే పోయి అతని చెయ్యి పట్టుకొని, “తప్పు చేసినా, క్షమించు,” అన్నాను. “పోనీలే అన్నా, ఈసారి డోరు మీద సైజే వేయిద్దాం,” అని చెయ్యి నొక్కి వదిలాడు. కారు తాళం మర్చిపోయానని చెప్పి మళ్లీ బయటికొచ్చాను. తాళం నా జేబులోనే ఉంది.

లోపలినుంచి మామగారి నవ్వు వినబడుతోంది. నా పక్కసీట్లో ఎన్నడూ వినబడని నవ్వు. అది పోవడానికి కారణం నేనే, తిరిగి తెచ్చిందీ నేనే. సంతోషించాల్సినవాణ్ణి. అతన్ని చూసి ఈ వయసులో కూడా కుళ్లుకుంటూ, కారుకు ఆనుకొని నిలబడ్డాను. మరదలు వచ్చి, “బావా, కాఫీ చల్లారిపోతాంది,” అని రెండుసార్లు పిలిచింది. ముఖం సరిచేసుకొని లోపలికి పోవడానికి నాకు ఇంకొంచెం సేపు పట్టింది.