ఉడతతో కబురు

తొంభైల చివర్లో కడియంలో మేం అద్దెకున్న ఇంటి మామ్మగారు పెరటి చూరుకు వరికంకుల కుచ్చు కట్టి, కింద కొబ్బరిచిప్పలో నూకలు పోసేవారు. పిచ్చుకల్ని చూసి మురిసిపోయేవారే గానీ, మాటలన్నీ ఆ నూకలకొచ్చే ఉడతతోనే.

"తిన్నావుగా, ఇక గోడవతలికెళ్ళి మీ పెద్దమ్మని పలకరించు," అని గట్టిగా అనేవారు.

గోడవతల ఉండేది ఆవిడ పెద్ద తోడికోడలు. పెరడు పంచుకున్నప్పుడు గొడవపడ్డారట, ఏళ్ళ తరబడి ఇద్దరికీ మాటల్లేవు.

శివరాత్రి వెళ్ళి, మామిళ్ళు పిందెకట్టే రోజుల్లో ఉడత రావడం మానేసింది. పిల్లి పట్టుకుపోయిందేమోనని మామ్మగారికి అన్నం సహించలేదు. ఓ పొద్దున్న పీటెక్కి, గోడ మీంచి కేకేశారు.

"అక్కా! ఉడత అటేమైనా వచ్చిందా?"

పళ్ళు తోముకుంటున్న నేను అలాగే నిలబడిపోయాను. గోడవతల్నుంచి జవాబొచ్చింది.

"ఇక్కడే ఉందే. మా జామచెట్టు మీద పిల్లల్ని పెట్టింది. అక్కణ్ణుంచి కనపడవు, వీధి గుమ్మంలోంచి రా."

మామ్మగారు పీట దిగి, పైట సర్దుకుని, నూకల డబ్బా చంకన పెట్టుకుని వెళ్ళారు. భోజనానిక్కూడా రాలేదు. దీపాలవేళకి తిరిగొచ్చి, "మూడు పిల్లలమ్మా, ఇంకా కళ్ళు తెరవలేదు," అని మా అమ్మకి చెబుతుంటే గొంతు సరిగ్గా పలకలేదు. పొద్దుట్నుంచీ మాట్లాడి మాట్లాడి బొంగురుపోయింది.