నలభై నాలుగా, నలభై ఎనిమిదా?

చాచా పోయిన సంగతి భువనగిరిలో అందరికంటే ముందు తెలిసింది నాకే. మా వీధిలో ఫోను ఉన్నది నా ఎస్టీడీ బూత్‌లోనే కాబట్టి, పట్నం దవాఖాన నుంచి చాచీ తమ్ముడు అక్కడికే చేశాడు. "బావ పోయిండక్కా. ఆపాకు జర నువ్వే చెప్పు" అన్నాడు. చాచీకి నేనే చెబుతానన్నాను. ఫోను పెట్టేసి, బయట నిలబడ్డాయనకు కల్వకుర్తి నంబరు కలిపి ఇచ్చి, ఆయన మాట్లాడేదాకా ఆగి, బిల్లు చింపి ఇచ్చి, అప్పుడు షట్టర్ దించాను. అంత నిమ్మళంగా ఎట్లా ఉన్నానో నాకే తెలియదు. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా రావడం లేదు. కాలు తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదు చూడండి, లోపలంతా అట్లా ఉంది.

చాచా నాకు చుట్టం కాడు. నా బూత్‌కూ ఆయన క్యాసెట్ల దుకాణానికీ నడుమ ఒకటే గోడ, అంతే. నేను బూత్ పెట్టిన కొత్తలో ఒంటరి ఆడదాన్ని. ఎవడైనా పని లేకుండా నిలబడి పళ్ళికిలిస్తే చాచా స్టూలు తెచ్చుకుని నా గుమ్మంలో కూర్చుని, చెడిపోయిన టేపురికార్డరు ఒకటి విప్పుకునేవాడు. ఎవరినీ ఏమీ అనేవాడు కాదు. వచ్చినవాడే కాసేపటికి జారుకునేవాడు. ఈ మాట ఆయన బతికి ఉండగా ఎన్నడూ ఎత్తలేదు నేను. ఎత్తితే ఆయనే సిగ్గుపడేవాడు.

దుకాణంలో ఎవరితోనైనా పాట పాడించి రికార్డింగ్ పెట్టుకున్నప్పుడు మాత్రం నా గిరాకీతో ఆయనకు రోజూ లొల్లే. గోడ మీద దబదబ బాదేవాడు. "ఫోనెందుకు బిడ్డా వాళ్ళకు? గట్ల ఒర్లితె పట్నం దాక ఉత్తగనే వినొస్తది!" అని అరిచేవాడు. ఆ అరుపు కూడా రికార్డయ్యేది. మళ్ళీ మొదటి నుంచి పాడించేవాడు.

మూడోనాటి జియారత్ అయిపోయిన మరునాడు చాచీ దగ్గరికి పోతే, ఆమె నా చెయ్యి పట్టుకుని ఒక మాట అడిగింది. "మొఖం యాదికున్నది బేటీ. గొంతు యాదికొస్తలేదు. నిన్నటిసంది చూస్తున్న, ఎంతకూ వస్తలేదు. గంతమంది గొంతులు పట్టిండు గద, ఆయనది యాడన్న ఉంటదా?"

ఉంటుందని చెప్పి వచ్చాను. వచ్చి దుకాణమంతా వెతికాను. ఒక్క క్యాసెట్‌లో లేదు. పెళ్ళిళ్ళున్నాయి, దర్గా ఉర్సు ఖవ్వాలీలున్నాయి, ఎవరెవరి పిల్లల ముద్దు మాటలో ఉన్నాయి. రికార్డుకు ముందు మైకు పరీక్షకు తాను మాట్లాడింది ఆయన ఎప్పుడూ ఉంచేవాడు కాదు. దాని మీదే పాట ఎక్కించేవాడు. ఇక మిగిలింది నా కంప్యూటర్.

అది పెళ్ళికార్డులు టైపు చేయడానికి నేను కొనుక్కున్నది. చాచా బతిమాలి బతిమాలి దాంట్లో సౌండ్ కార్డు వేయించాడు. పాత క్యాసెట్లు అరిగిపోకముందే దాంట్లోకి ఎక్కించాలని ఆయన కోరిక. మొదట ఎక్కించింది రామన్నపేట నుంచి వచ్చిన ఒకామె బతుకమ్మ పాట. తిరిగి వినిపిస్తే ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇది నా గొంతా? మొగోడు పాడినట్టున్నది!"

మేమేమనుకున్నామంటే, వోల్టేజీ తక్కువైందని. ఇక్కడ ఎవరైనా అదే అనుకుంటారు మరి. బావుల కాడ మోటార్లన్నీ ఒక్కసారి వేస్తే ఫ్యాను ఈడ్చుకుంటూ తిరుగుతుంది. సెల్లులు దిగితే టేపులో పాట సాగుతుంది. కంప్యూటర్ కూడా అంతేనని స్టెబిలైజర్ తెచ్చి పెట్టాం. మోటార్లు బందయ్యే వేళ చూసుకుని మళ్ళీ పాడించాం. మళ్ళీ అదే మగ గొంతు. కరెంటోళ్ళను నేను తిట్టని తిట్టు లేదు. ఆఖరికి చాచా పైకి చూసి, "ఫ్యాను బరాబర్ తిరుగుతాంది బిడ్డా. కరెంటును ఉత్తగ తిట్టినం" అన్నాడు.

తప్పు లెక్కలో ఉంది. కంప్యూటర్ గొంతును సెకనుకు ఇన్ని ముక్కలని తరిగి దాచుకుంటుంది. మా కార్డు నలభై ఎనిమిది వేల ముక్కలు తరుగుతోంది. తిరిగి వినిపించేటప్పుడు మేం పెట్టింది నలభై నాలుగు వేల వంద. తరిగింది ఎక్కువ, వడ్డించేది తక్కువ. అందుకే పాట సాగి, గొంతు బరువెక్కింది. ఆ పాటకు రేటు నలభై ఎనిమిదికి సరిచేసి వినిపిస్తే ఆమె చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత నుంచి తరగడం కూడా నలభై నాలుగు వేల వందకే పెట్టుకున్నాం. అది మొదలు చాచాకు ఒక మాట ఊతపదమైంది. "మిషిన్ బరాబర్ అంటే కాదు, విన్నోళ్ళు బరాబర్ అనాలె." చాయ్ తాగి కూడా అదే అనేవాడు.

ఆ కంప్యూటర్‌లో వెతగ్గా వెతగ్గా పేరు లేని చిన్న ఫైలు ఒకటి దొరికింది. పాట పట్టేంత లేదది, చాచా మైకు పరీక్షే అయి ఉండాలి. చాచీ ఇద్దత్‌లో ఉంది, గడువు తీరేదాకా గడప దాటదు. అందుకని కంప్యూటర్‌నే ఆటోలో వేసుకుని వాళ్ళింటికి పోయాను. చెక్క తక్తా మీద పెట్టి, వైర్లన్నీ కలిపి నొక్కితే చప్పుడే లేదు. పెట్టె వెనక నాలుగు రంధ్రాలు, నాలుగూ ఒక్క తీరే. స్పీకరుకు ఏదో మరచిపోవద్దని చాచా నన్నడిగి బొట్టుబిళ్ళ తీసుకుని దాని పక్కన అతికించాడు. ఆటో కుదుపులకో ఏమో, అది రాలిపోయింది. "ముందుగాల తీగ చూడు, తర్వాత మిషిన్‌ను తిట్టు" అనేవాడు గదా, తిట్టకుండా ఒక్కొక్క రంధ్రంలో పెట్టి చూశాను. మైకు రంధ్రంలో స్పీకరు పెట్టి కూర్చున్నాను నేను. తీసి పక్కదాంట్లో పెడితే గుర్రుమని చప్పుడొచ్చింది.

ఫైలు తెరవబోతే కంప్యూటర్ ఏ రేటు అని అడిగింది. ఆయన ఎక్కడా రాసి పెట్టలేదు. మైకు పరీక్షే గదా, పారేసేదే గదా అనుకుని ఉంటాడు. ఆ ఫైలు మేం లెక్క తప్పిన రోజులదో, సరిచేసుకున్న తర్వాతదో నాకు తెలియదు. నలభై నాలుగు పెట్టాను.

బరువైన గొంతు ఒకటి మెల్లగా వచ్చింది. "వినొస్తాందా బిడ్డా? ఇయ్యాల మా ఇంట్ల గోంగూర గోష్. ఉప్పు జర ఎక్కువైంది..."

చాచీ కొంగు తల మీదికి లాక్కుని, ఇంటికొచ్చిన పెద్దమనిషి మాట విన్నట్టు తల వంచుకుని విన్నది.

"చాచాయేనా, చాచీ?"

"ఆయనే అంటవా బేటీ?" అని నన్నే అడిగింది.

గోడ అవతల నుంచి ఇన్నేళ్ళు విన్న గొంతు, అవునో కాదో నాకు తేలలేదు. భయమేసింది. ఇక ఉన్నది ఇంకొక్క రేటే. అదీ కాకపోతే ఆమెకు ఏం చెప్పాలి?

నలభై ఎనిమిది పెట్టి నొక్కాను.

"వినొస్తాందా బిడ్డా? ఇయ్యాల మా ఇంట్ల గోంగూర గోష్. ఉప్పు జర ఎక్కువైంది..."

"ఝూట్!" చాచీ దిగ్గున తలెత్తింది. కొంగు జారిపోయింది. "గిన్నె ఊడ్చుకొని తిని, ఉప్పెక్కువైందంటవా? యాడ ఎక్కువైంది? చెప్పు!"

స్పీకరు వైపు మెడ చాచి, జవాబు కోసం చూస్తూ కూర్చుంది. చాచా తన పాటికి తాను ఒకటి, రెండు, మూడు అని మైకులో లెక్కపెట్టుకుంటూ పోయాడు.