మామగారి చేతి కొలత

ఇన్నేళ్ళూ నేను మోసింది చాలా చిన్న మాట. "నేను చూశాను" అన్న మాట. చూడనిదాన్ని చూశానని చెప్పాను. చెప్పిన ఇంట్లోనే కాపురం చేశాను, పిల్లల్ని పెంచాను, వాళ్ళకి పెళ్ళిళ్ళు చేశాను. సుఖంగానే బతికాను. అది దాచను. రోజూ కుమిలిపోయానని రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. అన్నంలో చిన్న రాయి పంటికింద పడ్డట్టు అప్పుడప్పుడూ తగిలేది. తీసి పక్కన పెట్టకుండా మింగేసేదాన్ని.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. అందుకే చెప్పగలుగుతున్నాననుకుంటాను.

నేను పుట్టింది తాడేపల్లిగూడెంలో. మెట్టింది కొల్లేటి ఒడ్డున ఒక ఊరు. సంబంధం మాట్లాడేటప్పుడు మా నాన్న నన్ను అయిదో తరగతి దాకా చదివించానని చెప్పాడు. నేను బడి గడప తొక్కింది లేదు. మా అత్తింట్లో ఎవరికీ చదువు లేదు. మా ఆయనకు సంతకం వరకే వచ్చు. అందుకని మా మామగారు ఆ అయిదో తరగతికే మురిసిపోయారు. కరెంటు బిల్లు వచ్చినా, దగ్గు మందు సీసా వచ్చినా తెచ్చి నా చేతిలో పెట్టేవారు. నేను కాసేపు చూసి, పెదాలు కదిపి, ఏదో ఒకటి చెప్పేదాన్ని. సీసా రంగును బట్టి, తెచ్చిన మనిషి అన్న మాటను బట్టి చెప్పేదాన్ని. చాలాసార్లు సరిపోయేది. సరిపోవడమే నాకు చేటు చేసింది. ఒక్కసారి తప్పి, నలుగురూ నవ్వి ఉంటే అక్కడితో పోయేది.

మామగారు ఏలూరులో ఉండే ఒక ఆసామి చేపల చెరువుకి కావలి. పొద్దున్నే గుంపులుగా దిగే నీటికాకుల్ని, గూడబాతుల్ని లేపడం ఆయన పని. ఆసామికి లైసెన్సు తుపాకి ఉండేది. కావలి మనిషిగా మామగారి పేరు కూడా అందులో రాయించారు. పేలిపోయిన ఇత్తడి తూటాల్ని ఆయన పారేసేవారు కాదు. ఏరి తెచ్చి, తుడిచి, మళ్ళీ మందు పోసి, అట్టముక్క బిగించి వాడేవారు. గుండ్లు వేసేవారు కాదు. పిట్టల్ని చంపడానికి కాదు, చప్పుడుకే.

ఆ మందు తాడేపల్లిగూడెంలో కొనేవారు. దీపావళి వెళ్ళాక ఒక బాణసంచా వ్యాపారి దగ్గర మిగిలిపోయిన మందు చవగ్గా దొరికేది. మిగులు సరుకు కాబట్టి అందులో అన్ని రకాలూ ఉండేవి. తుపాకిలో పోసేది ఒకటి, పండక్కి పేల్చే ఔట్లలో కూరేది ఒకటి. చూపుకి రెండూ నల్లటి గింజలే. తుపాకిది నిదానంగా మండుతుంది, ఔట్లది ఒక్కసారిగా భగ్గుమంటుంది. ఏది ఏదో డబ్బా మీద రాసి ఉండేది. మామగారు వ్యాపారిని అడిగి, అరచేతిలో పోసుకుని వేలితో నలిపి చూసి మరీ తెచ్చుకునేవారు. ఆ ఏడు ఆయనకు మోకాళ్ళు పట్టేశాయి. నాకు పుట్టింటికి వెళ్ళే పని పడింది.

"వచ్చేటప్పుడు మందు పట్రా అమ్మాయ్. నేనైతే వాణ్ణీ వీణ్ణీ అడగాలి. నువ్వు చదివి తెచ్చేస్తావు" అన్నారు.

కొట్టులో వ్యాపారి నా ముందు రెండు డబ్బాలు పెట్టాడు. "రెండు రకాలున్నాయండీ, పేరు చూసుకుని తీసుకోండి" అని ఇంకో బేరంలో పడిపోయాడు. ఇందులో తుపాకిది ఏదండీ అని అడిగితే చాలు. కానీ తిరుగు బస్సుకి నాతో వస్తున్న మా ఊరావిడ పక్కనే నిలబడి ఉంది. ఆవిడ ముందు అడగలేకపోయాను. రెండు డబ్బాలూ తిప్పి చూశాను. పెదాలు కదిపాను. ఒకదాని మీద అక్షరాలు పెద్దవిగా ఉన్నాయి. తుపాకి అంటే పెద్ద సంగతి కదా, పెద్ద అక్షరాలతోనే రాసి ఉంటారనుకుని అదే కొన్నాను. ఇప్పుడు ఇది రాస్తుంటే నవ్వొస్తోంది. అప్పుడు అది నాకు గొప్ప తెలివిలాగే అనిపించింది.

మర్నాడు పొద్దున్న మామగారు అరుగు మీద చాప పరుచుకుని తూటాలు నింపడానికి కూర్చున్నారు. నేను ఒక్కొక్కటే అందిస్తున్నాను. ఆయన మందు అరచేతిలో పోసుకుని నలిపి, మళ్ళీ నలిపారు.

"ఏమ్మా, ఇది చేతికి వేరేగా తగులుతోంది. తుపాకిదేనా?"

"అదేనండీ మామయ్యగారూ. డబ్బా మీద రాసుంది."

"రాసుంటే సరేలే. నా చేతిదేముంది, ముసలి చెయ్యి. ఇవాళ నీటికాకులకి మా కోడలు చదివిన మందు" అని నవ్వారు.

తర్వాత ఎప్పటిలాగే వెదురు కొలతతో పోశారు. తూటాకి ఒక్క కొలత. కొలత అంచుకి సమంగా వేలితో చదును చేసి, ఒక్కొక్కటీ పోశారు. ఆయన చెయ్యి ఎక్కడా తప్పలేదు.

ఆ మధ్యాహ్నమే చెరువు గట్టు మీద తుపాకి పగిలింది. మామగారి కుడిచేతి బొటనవేలు పోయింది. ఒక చెవి వినబడడం మానేసింది. ఏలూరు ఆసుపత్రిలో కట్టు కట్టించుకుని ఇంటికి వచ్చాక మా ఆయన తాడేపల్లిగూడెం బయల్దేరారు. ఏం మందు ఇచ్చావని వ్యాపారిని నిలదీస్తానన్నారు. మామగారు మంచం మీంచి ఆపారు.

"ఆగరా. తప్పు నాదేమో. ఒక తూటాలో గానీ రెండోసారి పోశానా? ఏమ్మా, నువ్వు పక్కనే ఉన్నావు కదా. పోశానా?"

నేను ఆయన కట్టు వైపు చూశాను. మా ఆయన చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"పోశారండీ మామయ్యగారూ. నేను చూశాను."

"మరి చెప్పలేదేమ్మా?"

"మీకు తెలిసే పోస్తున్నారనుకున్నానండీ."

ఆయన నా మొహం వంక చూశారు. అనుమానంగా కాదు. నమ్మకంగా. "అయితే చేతి కొలత బాగానే ఉందన్నమాట. పోయింది మతి" అన్నారు. మా ఆయన చెప్పులు విప్పేశారు.

ఎందుకలా అన్నాను? తిడతారనా? మా అత్తింటివాళ్ళు తిట్టే మనుషులు కారు. మా ఆయన గూడెం వెళ్తే డబ్బా సంగతి వస్తుంది, డబ్బా సంగతి వస్తే చదువు సంగతి వస్తుంది. నాకు అక్షరం రాదని తెలియడం కంటే ఒక ముసలాయనకు మతిమరుపని తేలడం చిన్న విషయంగా కనబడింది. అంత లెక్క ఆ క్షణంలోనే వేశానా, లేక నోరు దానంతటదే అనేసిందా? లెక్క వేశాననే అనుకుంటున్నాను.

ఆసామి తుపాకి తీసుకుపోయాడు. అది పెద్ద నష్టమేమీ కాదు. తర్వాత జరిగిందే నష్టం. మతి నిలకడగా లేదని, మామగారు నీళ్ళలో తిరిగే చిన్న పడవని, ఆయన దోనెని, వేరేవాళ్ళకి ఇచ్చేశాం. ఒంటరిగా నీళ్ళలోకి వెళ్ళనివ్వలేదు. పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. ఆయన దేనికీ ఎదురు చెప్పలేదు. కొన్నాళ్ళకి ఆయనే నన్ను అడగడం మొదలుపెట్టారు. "నేను స్నానం చేశానా అమ్మాయ్? మాత్ర వేసుకున్నానా?" ప్రతిసారీ నిజమే చెప్పేదాన్ని. చాలా జాగ్రత్తగా చెప్పేదాన్ని. వేసుకున్నారండీ, పొద్దున్న అన్నం తిన్నాక వేసుకున్నారండీ అని. మిగతావన్నీ నిజాలు చెబితే ఆ ఒక్కటీ చెల్లిపోతుందనుకున్నానేమో. ఆయనకు నిజానికి అన్నీ గుర్తుండేవి. ఏ పిట్ట ఏ నెలలో దిగుతుందో మనవలకి చెప్పేవారు. కానీ తన జ్ఞాపకాన్ని తాను నమ్మడం మానేశారు. దిగులుగా మాత్రం లేరు. మనవల మధ్య నవ్వుతూనే గడిపి, నవ్వుతూనే వెళ్ళిపోయారు. దాన్ని తలుచుకుని నాకు నేను సర్దిచెప్పుకున్న రోజులు ఎన్నో.

మళ్ళీ పుట్టింటికి వెళ్ళినప్పుడు ఆ కొట్టుకి వెళ్ళి అడిగాను, తుపాకిది ఏదండీ అని. వ్యాపారి చిన్న అక్షరాల డబ్బా చూపించాడు. అడగడానికి ఊపిరి పీల్చినంత సేపైనా పట్టలేదు.

పిల్లలు స్థిరపడ్డాక మా వీధి టీచరమ్మ దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను. నాకు చదువు రాదని ఇంట్లో ఒప్పుకోవాల్సి వచ్చింది. అంతా నవ్వారు. మా ఆయనైతే కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. "ఇన్నాళ్ళూ కరెంటు బిల్లులు ఏం చదివావే?" అన్నారు. ఎవరికీ డబ్బా గుర్తు రాలేదు. నాకు తప్ప. ఇప్పుడు మధ్యాహ్నాలు పేపరు చదువుతాను, ఆదివారం గుడిలో బైబిలు వాక్యం చదువుతాను. దేవుడికి చెప్పుకుంటే సరిపోతుంది కదా అని చాలాసార్లు అనుకున్నాను. ఆయనకు తెలియనిది నేను చెప్పేదేముంది?

ఇప్పుడు రాయడానికి ఒక కారణం వచ్చింది. మాకూ ఒక చిన్న చెరువుంది. మా ఆయన కిందటి నెల మోటారు షెడ్డు తాళం తెచ్చి నా చేతిలో పెట్టారు. "ఇది నీ దగ్గరే ఉంచు. నిన్న తాళం వేశానో లేదో గుర్తు రాలేదు. నాన్న పోలికే నాకూ వచ్చినట్టుంది. నేనేం చేస్తానో నువ్వే కనిపెట్టి ఉండు" అన్నారు. గొడుగు మరిచిపోయినా అదే మాట. కూరలో ఉప్పు వేశానో లేదో నేను మరిచిపోతే అది మామూలు. ఆయన మరిచిపోతే నాన్న పోలిక. లేని జబ్బు నేను తండ్రికి అంటగట్టాను. అది కొడుక్కి ఆస్తిలా దిగింది.

ఇక్కడిదాకా నిన్న రాశాను. ఈ ముక్క ఇవాళ రాస్తున్నాను.

పొద్దున్న ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టి, రాసినదంతా చదివి వినిపించాను. నాకు తడబడకుండా చదవడం ఇంకా రాదు. వేలు పెట్టుకుని చదివాను. అయిపోయాక ఆయన చెరువు వైపు తిరిగారు.

"మరి నాన్న దోనె ఎందుకు ఇచ్చేశాం?" అన్నారు.

ఆయన లేచారు. నా వైపు చూడకుండానే చెయ్యి చాపారు. తాళం ఇచ్చాను. షెడ్డు వైపు వెళ్ళారు. కాసేపటికి మోటారు చప్పుడు వినబడింది.

సాయంత్రం ఏమంటారో తెలియదు. అన్నా పడతాను. మా మామగారు ఏ తూటాలోనూ రెండోసారి మందు పోయలేదు. నేను చెప్పేశాను.