చప్పుడు చేయకండి, మా నాగమణి వదిన పడుకుంది

నిన్న సాయంత్రం అన్నయ్య ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, మీ వదిన లేవట్లేదే" అన్నాడు.

"పోనీలే, పడుకోనీ" అన్నాను. నవ్వుతూనే అన్నాను. వదినకి నిద్ర పట్టిందంటే మా ఇంట్లో అది మంచి వార్తే.

ఫోన్లో అన్నయ్య వెనకాల ఎవరో ఏడుస్తున్నారు. అప్పుడు అర్థమైంది.

కంకిపాడు నుంచి భవానీపురంలో అన్నయ్య ఇంటికి ఎలా వెళ్లానో సరిగ్గా గుర్తులేదు. బస్సు ఎక్కాను, ఆటో ఎక్కాను. దారంతా కలలో వెళ్తున్నట్టే ఉంది. ఆ కల నన్నింకా వదల్లేదు.

వదిన గురించి తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను.

ఆమెకి చాలా అరుదైన గొంతు జబ్బు. లారింజియల్ డిస్టోనియా అంటారట. మనం గాలి పీల్చుకునేటప్పుడు గొంతులో స్వరతంత్రులు తెరుచుకుంటాయి. ఆమెకి సరిగ్గా అప్పుడే మూసుకునేవి. ఆ కండరాలకి అంత పెంకితనం ఎందుకో ఎవరికీ తెలియదు.

అందుకే ఊపిరి తీసుకున్నప్పుడల్లా సన్నగా కీచుమని శబ్దం వచ్చేది. కుక్కర్ విజిల్ వేయబోయే ముందు వస్తుందే, అలాంటిది. వంట చేస్తున్నా, చీరలు మడతపెడుతున్నా, టీవీ చూస్తున్నా అదే శబ్దం. వదిన ఏ గదిలో ఉందో ఎవరినీ అడగక్కర్లేదు.

మొదట ఆస్తమా అన్నారు. ఇన్‌హేలర్లు వాడింది. తర్వాత టెన్షన్ అన్నారు.

"నాకేం టెన్షనండీ, నాతో వేగేది ఆయన కదా" అనేది వదిన.

చివరికి ఒక డాక్టర్ గారు అన్నయ్యని అడిగారు, నిద్రలో కూడా ఇలాగే ఉంటుందా అని.

"లేదండీ. నిద్రపోతే ఏమీ ఉండదు. చక్కగా ఊపిరి ఆడుతుంది" అన్నాడు.

ఆ జబ్బుకి గుర్తు అదేనట. మెలకువగా ఉన్నంతసేపూ వేధిస్తుంది, నిద్రలో వదిలేస్తుంది.

ఇక ఆ రోజు నుంచి మా ఇంట్లో నిద్రకి పెద్ద హోదా వచ్చేసింది. వదిన శబ్దం ఆగిందంటే టీవీ మ్యూట్. మిక్సీ బంద్. పిల్లల ఆటలు మేడ మీదికి. గది గుమ్మం దగ్గర మూతి మీద వేలు పెట్టుకుని అన్నయ్య కాపలా.

గొంతులో ఇంజెక్షన్ చేయించుకుంటే కొన్ని వారాలు ఊపిరి బాగా ఆడేది. కానీ మాట పోయేది. గుసగుస మాత్రం మిగిలేది. మంచినీళ్లు కూడా పొలమారకుండా మెల్లగా తాగాలి. మందు ప్రభావం తగ్గాక మాట వచ్చేది, ఊపిరి మళ్లీ బిగుసుకునేది.

ఊపిరీ మాటా రెండూ ఒకేసారి ఇవ్వలేదు దేవుడు ఆమెకి. ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

వదిన ఇంట్లోనే ముందుగదిలో మంగళగిరి, పెడన చీరలు అమ్మేది. ఆ గుసగుస వారాల్లో అమ్మకాలు ఇంకా బాగుండేవి. ఆమె చెవి దగ్గరికి వంగి రేటు చెబితే, తమ ఒక్కరికే తగ్గించి చెబుతోందనుకుని కస్టమర్లు మురిసిపోయి కొనేసేవారు.

"నేనేం చెయ్యనమ్మాయ్, గొంతు లేదంటే వినరే" అని పొట్ట పట్టుకుని నవ్వేది. శబ్దం లేని నవ్వు.

నాకు మాత్రం ఒక మధ్యాహ్నమే కళ్ల ముందు తిరుగుతోంది.

వాళ్లిద్దరినీ భోజనానికి రమ్మన్నాను. గుత్తి వంకాయ కూర చేసి గేటు దగ్గర నిలబడ్డాను. అన్నయ్య కారు వచ్చింది. బాగా మెల్లగా వచ్చింది. ఆగలేదు. అద్దం దించి, మూతి మీద వేలు పెట్టి, నాకు చెయ్యి ఊపి వెళ్లిపోయాడు.

పక్క సీట్లో వదిన. తల వెనక్కి వాల్చి, నోరు కొంచెం తెరిచి, పసిపిల్లలా నిద్ర.

కారు ఆపితే లేస్తుందని ఆయన భయం. అందుకని బందరు రోడ్డు మీద అలా పోతూనే ఉన్నాడు. ఉయ్యూరు దాటాడు. పామర్రు దాటాడు. రెండు వైపులా పచ్చటి వరి చేలు, కాలువ నీళ్ల మీద ఎండ, గట్ల మీద కొంగలు. కారులో ఏ శబ్దమూ లేదు.

"అప్పుడు నాకూ ఊపిరి తిరిగినట్టు అనిపించిందే" అని తర్వాత చెప్పాడు.

బందరులో ఉప్పు గాలి తగిలి వదిన లేచింది.

"ఏవండీ, కంకిపాడు ఇంకా రాలేదా?"

"వచ్చింది, వెళ్లిపోయింది కూడా" అన్నాడట.

నా వంకాయ కూర వాళ్లు పొద్దు వాలాక తిన్నారు. చల్లారిపోయిందని నేను సణుగుతూనే వడ్డించాను.

నిన్న కూడా మధ్యాహ్నం అన్నం తిని పడుకుంది. శబ్దం ఆగింది. అన్నయ్య తలుపు దగ్గరగా వేశాడు. చీరల కోసం వచ్చినవాళ్లకి "పడుకుందండీ, సాయంత్రం రండి" అని మెల్లగా చెప్పి పంపించాడు. కాలింగ్ బెల్ ఆపేశాడు. ఇవాళ బాగా నిద్ర పట్టిందని సంతోషపడుతూ వరండాలో కూర్చున్నాడు. దీపాలు పెట్టే వేళకి కాఫీ కలిపి తీసుకెళ్లాడు.

అప్పుడు తెలిసింది.

నిద్రలోనే గుండె ఆగిపోయిందని డాక్టర్ గారు చెప్పారు. గొంతు వల్ల కాదన్నారు. పక్కనే కూర్చున్నా తెలిసేది కాదన్నారు.

అయినా ఈరోజు మన బంధువుల్లోనే ఒకావిడ "ఇంట్లో ఉండి కూడా చూసుకోలేదా" అంది. అన్నయ్యకి వినపడేలా అంది. ఆవిడకి చెప్పాల్సింది అక్కడే చెప్పాను, ఇక్కడ రాయను.

కృష్ణ ఒడ్డున అన్నీ అయ్యాక, ఇంటికొచ్చి అన్నయ్య నన్ను అడిగాడు.

"ఒకసారి తలుపు తీసి చూడాల్సింది కదే?"

"వదిన పడుకున్నప్పుడు ఎప్పుడైనా తీశావా అన్నయ్యా?"

"లేదు. లేస్తుందని."

"అందుకే కదా ఇన్నేళ్లూ హాయిగా పడుకుంది."

తల ఊపాడు. నమ్మలేదు.

అందుకే ఇది రాస్తున్నాను. పలకరించడానికి వచ్చేవాళ్లు దయచేసి ఎలా జరిగింది, ఎవరు ముందు చూశారు అని ఆయన్ని అడగకండి. బాగా చూసుకున్నావని చెప్పండి. నమ్మేదాకా చెప్పండి.

వదినా, వెళ్లిరా.

నువ్వు ప్రశాంతంగా ఉండు. అందులో కొంచెం ఆయనకీ పంపించు.